మధుపాత్రలోని కొలత: అపోహలు – వాస్తవములు

చార్మినారునకు ఆగ్నేయమున కూతవేటు దూరములోనున్న మొఘల్‌పురాలో, సాయంకాలపు వేళ ఇరానీ చాయ్ హోటళ్ల బల్లల చుట్టు చేరువారిలో అధికసంఖ్యాకులు మతనియమమును బట్టి మద్యమును ముట్టనివారు. ఆ చుట్టుప్రక్కల తరతరములుగా కాపురమున్న హిందూ కుటుంబములలోను ఇష్టపూర్వకముగా దానికి దూరమైనవారు పెక్కురు. వీరెవ్వరును ఆరోగ్యవిషయమున కోల్పోయినది రవ్వంతయు లేదని మొట్టమొదట చెప్పవలసియున్నది. ఏలయన రోజుకొక గ్లాసు ఎర్రవైను గుండెకు బలమను మాట నేడు చదువుకొన్నవారి నోటనే అధికముగా వినవచ్చుచున్నది.

ఆ మాటకు బలము చేకూర్చినది 1991లో అమెరికా టెలివిజనున ప్రసారమైన ఒక కార్యక్రమము. వెన్నయు జున్నును సమృద్ధిగా భుజించు ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువగా నుండుటకు వైను కారణము కావచ్చునని అందు చెప్పగా, మరుసటి సంవత్సరమే సెర్జ్ రెనో అను శాస్త్రజ్ఞుడు అట్టి అభిప్రాయమునే లాన్సెట్ పత్రికలో ప్రకటించెను. అయితే ఆనాటి పరిశీలనలు పెక్కింటిలో, రోగము ముదిరి త్రాగుడు మానినవారిని సైతము ‘త్రాగనివారి’ పట్టీలోనే చేర్చుటచేత, కొద్దిగా త్రాగువారు వారికంటె ఆరోగ్యవంతులుగా కనబడిరి. ఆ లోపమును సవరించినకొలదిని ఆ లాభము కరగిపోవుచు వచ్చినది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1988లోనే మద్యపానీయములను మానవులకు క్యాన్సరు కలిగించు వస్తువుల ప్రథమ వర్గమున చేర్చినది. ఆరోగ్యమునకు నిరపాయమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టముగా ప్రకటించినది. కావున వైనును రుచికొఱకు పుచ్చుకొనువారు పుచ్చుకొందురు గాక, మందనుకొని మాత్రము పుచ్చుకొనరాదు.

వైను తేలికపానీయము గనుక లెక్క అక్కరలేదను నమ్మకము ఇంకను ప్రమాదకరమైనది. నూటికి 12 పాళ్ల ఆల్కహాలు గల వైను 150 మిల్లీలీటర్ల గ్లాసులో దాదాపు 14 గ్రాముల ఆల్కహాలు కలదు, 42.8 శాతము గల విస్కీ 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో నున్నది సుమారు 10 గ్రాములే. ఇక 8 శాతపు స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 41 గ్రాములు, అనగా మూడు గ్లాసుల వైనుకు సమానము. మితము పానీయపు జాతిని బట్టి గాక, పోసిన కొలతను బట్టి ఏర్పడునది. నేటి పెద్ద గ్లాసులు అంచువరకు నింపినచో 150 గాక 300 మిల్లీలీటర్లు సైతము పట్టును గనుక, ఇంట నొకసారి కొలపాత్రతో పోసి ఆ మట్టమెంతయో కన్నులార చూచుకొనుట మేలని నా దృఢాభిప్రాయము.

త్రాగినది నిమ్మరసముతో, మజ్జిగతో, చన్నీటి స్నానముతో, లేక మన పాతబస్తీ చిక్కని చాయ్‌తో దిగిపోవునని చెప్పుట సర్వసాధారణము. చాయ్ నిద్రమత్తును కొంత విడిపించును గాని నెత్తురులోని ఆల్కహాలును తగ్గింపదు. దానిని కరగించు పని కాలేయముది, అదియు గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాముల వంతుననే. మోటారు వాహనముల చట్టము బండి నడుపువారికి 100 మిల్లీలీటర్ల రక్తమున 30 మిల్లీగ్రాముల ఆల్కహాలును హద్దుగా పెట్టినది. 60 కిలోల మనిషి పరగడుపున ఒక్క గ్లాసు వైను గబగబ త్రాగినను ఆ హద్దును తాకవచ్చును, స్త్రీలు దానిని ఇంకను త్వరగా దాటవచ్చును. ‘నాకు అలవాటే, తూలను’ అనుట ఇచట ప్రమాణము కాదు. అలవాటు మత్తును తెలియనీయదే గాని కాలేయమును కాపాడదు.

మద్యము పాశ్చాత్యులు తెచ్చిన దురాచారమనువారును కలరు. కాని కుతుబ్‌షాహీల కాలమున ఇచటికి వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియే, తోలుతిత్తులలో నింపిన కల్లు ప్రతిదినము గుఱ్ఱములపై నగరమునకు వచ్చుచుండెననియు, దానిపై పన్నువలన రాజునకు మంచి రాబడి యుండెననియు వ్రాసియున్నాడు. చెట్టునుండి దిగిన కల్లు ప్రకృతిసిద్ధము గనుక హాని చేయదనుటయు నిజము గాదు. పులిసిన కల్లు ఆల్కహాలే. దానికితోడు ఆల్ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపిన కల్తీకల్లు త్రాగి 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతమున కొందరు ప్రాణములు కోల్పోయిరి.

మూత తీసిన వైను సీసాను ఆ రాత్రియే ముగింపవలెనను అపోహ ఎందరిచేతనో అనవసరముగా రెండవ గ్లాసును, మూడవ గ్లాసును త్రాగించుచున్నది. 750 మిల్లీలీటర్ల సీసా అయిదు గ్లాసులకు సరిపోవును. బిరడా బిగించి ఫ్రిజ్‌లో నుంచినచో సాధారణముగా మూడు మొదలు అయిదు దినముల వరకు రుచి నిలుచును. ఎర్రవైనును గది వేడిమిలోనే త్రాగవలెనను నియమము ఐరోపావారి చల్లని గదులకు సంబంధించినది. మన వేసవిలో త్రాగుటకు ముందు అరగంట ఫ్రిజ్‌లో నుంచవలెను, లేనిచో ఆల్కహాలు ఘాటు తప్ప పండు వాసన తెలియరాదు. భోజనముతోపాటు, ప్రక్కన మంచినీళ్ల గ్లాసుతో, ఒక్కొక్క గుక్కకు నడుమ సంభాషణ సాగుచుండగా త్రాగినవానికి ఒక గ్లాసే గంటసేపు వచ్చును.

ఈ మాటలన్నియు మితము తమ వశమున నున్నవారికే వర్తించును. తెల్లవారుసరికి చేతులు వణకి, త్రాగినగాని కుదుటపడనివానికి ‘తగ్గించి త్రాగు’మని చెప్పుట నిష్ఫలము, పట్టుదలతో అకస్మాత్తుగా మానివేయుటయు ఫిట్సును, మతిభ్రమను కలిగింపవచ్చును గనుక, ఎఱ్ఱగడ్డలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటిచోట వైద్యుల పర్యవేక్షణలోనే మానవలెను. వెంటనే సలహా కావలసినవారు ప్రభుత్వపు టెలీ-మానస్ సంఖ్య 14416కు ఫోను చేయవచ్చును. అచట తెలుగులో మాటాడువారు కలరు.