కుక్కకు నేర్పేటప్పుడు చేతిలో ఏముండాలి?

ఇంట్లో ‘కూర్చో’ అనగానే కూర్చునే కుక్క, వీధిలోకి రాగానే మన మాట చెవిన వేసుకోదు. మొండిదని విసుక్కుంటాం. చాలాసార్లు లోపం మన చేతిలోని బిస్కెట్‌ది. అవతల ఇంకో కుక్క, గోడ వారన పిల్లి, చెత్తకుండీ వాసనలు. వాటి ముందు ఎండు బిస్కెట్ ఏమాత్రం ఆనుతుంది?

మనిషి నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 9,000 అయితే, కుక్కకు దాదాపు 1,700 మాత్రమే. దాని తిండి సంగతి ముందుగా తేల్చేది ముక్కే. కాబట్టి శిక్షణకు వాడే తిండికి వాసన గట్టిగా ఉండాలి, ముక్క మెత్తగా ఉండాలి. మెత్తటిదైతే గుటుక్కున మింగి మళ్లీ మన ముఖం చూస్తుంది. గట్టిదైతే కరకరలాడిస్తూ, రాలిన పొడి నాకుతూ పాఠం మరిచిపోతుంది.

మన వంటింట్లో దీనికి చికెన్ లివర్‌ను మించింది లేదని నా అభిప్రాయం. శుభ్రంగా కడిగి, ఉప్పూ పసుపూ ఏమీ వేయకుండా, కోస్తే లోపల ఎరుపు కనబడనంతగా ఉడికించండి. చల్లారాక శనగగింజంత ముక్కలు చేసి, నూనె లేని పెనం మీద సన్నని సెగన కదుపుతూ పైతడి ఆరనివ్వండి. ముక్క చేతికి అంటకూడదు, నొక్కితే మెత్తగా ఉండాలి. రెండు రోజులకు సరిపడా ఫ్రిజ్‌లో ఉంచి, మిగతాది చిన్న పొట్లాలు కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. లివర్‌లో విటమిన్ ‘ఎ’ ఎక్కువ, రోజూ పెట్టకూడదు. మధ్యలో ఉడికించిన బోన్‌లెస్ చికెన్, గుడ్డు వాడొచ్చు. మాంసం వండని ఇళ్లలో ఉప్పులేని పనీర్ ఉంది. పాలు పడని కుక్కకైతే ఉడికించిన చిలగడదుంప.

కూరలో ముక్క కడిగి పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. అల్లం వెల్లుల్లి ముద్ద పట్టిన ముక్కను ఎంత కడిగినా అది పోదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా కుక్కకు విషమే. పీనట్ బటర్ కొంటే జైలిటాల్ అనే తీపి పదార్థం లేనిదే కొనండి, అదీ కుక్కకు విషమే. ఉడికిన ఎముకలు సూదుల్లా చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి.

ఈ చిరుతిండి రోజు మొత్తం కేలరీల్లో 10 శాతం దాటకూడదు. పెట్టినంత మేర గిన్నెలో తగ్గించాలి. తిండిపోతు లాబ్రడార్లున్న ఇంట్లో ఈ లెక్క మరీ ముఖ్యం.

ఇంట్లో నేర్పే తేలిక పాఠాలకు కుక్క రోజూ తినే డాగ్‌ఫుడ్ గింజలే చాలు. లివర్‌ను వీధికి, అన్నిటికన్నా ముఖ్యంగా ‘రా’ అని పిలవడం నేర్పేందుకు దాచండి. చెప్పింది చేసిన క్షణంలోనే ‘శభాష్’ అనండి, వెంటనే ముక్క పెట్టండి. సంచీలో తడుముకుంటూ ఆలస్యం చేస్తే, ఆ లోపు అది లేచి మీదికి ఎగురుతుంది. తనకు ముక్క దక్కింది ఎగిరినందుకే అనుకుంటుంది. పిలవగానే వచ్చిన కుక్కను ప్రతిసారీ గొలుసు వేసి ఇంటికి లాక్కెళ్లకండి. ముక్క పెట్టి, ఇంకాసేపు ఆడుకోనివ్వండి.