వేటతోళ్లు - నేటి ధర్మము



మా కొవ్వూరు ప్రాంతమున గోదావరి లంకలలోను, చెరకుతోటలలోను ప్రొద్దు గ్రుంకగానే నక్కల కూత వినబడుట మీరెరిగినదే. అదృష్టవంతుని జూచి "నక్కతోక తొక్కి వచ్చినాడు" అనుట మన జాతీయము. కాని నేడు ఆ తోకను ఇంటికి దెచ్చుకొన్నవానికి ప్రాప్తించునది అదృష్టము గాదు, చెరసాల. ఎట్లనగా వినుడు.

పూర్వము వేటకాండ్రు తాము చంపిన జంతువు తోలు నొలిచి, క్రొవ్వు గీకి, ఉప్పు రాచి, ఆరబెట్టి అమ్ముకొనెడివారు. 1972వ సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ చట్టము పుట్టినది. అది కాపాడు జంతువులలో నక్కయు నొకటి. 2022లో ఆ చట్టమును సవరించి జరిమానాలను హెచ్చించిరి.

"నేను చంపలేదు, రైలుకట్ట ప్రక్కన చచ్చి పడియున్నది, తోలు వ్యర్థమగుట యెందులకు?" అని యొకరు అడుగవచ్చును. ఆ చట్టము 39వ సెక్షను ప్రకారము రక్షిత మృగము వేటలో చచ్చినను, తనంత చచ్చినను ప్రభుత్వపు సొత్తు. అట్టిది చేతికి వచ్చినవాడు 48 గంటలలోపల పోలీసు ఠాణాకు గాని, అధికారముగల అటవీ ఉద్యోగికి గాని తెలుపవలెను. ప్రాణరక్షణకై చంపుట నేరము కాదు. అప్పుడును తోలు మనది కానేరదు. వేరొక భయము గూడ కలదు. నక్కలకు పిచ్చికుక్క వ్యాధి సోకుచుండును. వట్టిచేతులతో కళేబరమును ముట్టువాడు ప్రాణముతో జూదమాడుచున్నాడు. ఇక సంతలలో నక్కకొమ్మని యమ్మువారి మాటలు నమ్మకుడు. నక్కకు కొమ్ము లేదు. కొన్నవానికి వివేకము లేదు.

రెండవ సంగతి, పాత తోళ్లు. మా పితామహులు జపమునకు గూర్చుండిన కృష్ణాజినము మా యింటి భోషాణములో నుండెను. మనుమని ఉపనయనమునకై పెట్టె తెరచినప్పుడు దానిని చూచితిని. కృష్ణజింక చట్టము మొదటి షెడ్యూలులోనిది. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమృగము గూడ నదియే. 2003లో ప్రభుత్వమువారు ఇట్టి వస్తువులను ప్రకటించుటకు 180 దినముల గడువిచ్చిరి. మా యింట నెవరును ప్రకటింపలేదు. యాజమాన్యపత్రము లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెద్దల జ్ఞాపకమును విడువలేను. దొంగసొత్తువలె దాచనును లేను. తుదకు న్యాయవాదిని సంప్రదించి, అర్జీ వ్రాసి, దానిని అటవీశాఖవారికి అప్పగించితిని. పితామహులు కూర్చుండిన తోలు పోయినది గాని వారు చేసిన జపము పోలేదు.

మీ యిండ్లలో నిట్టివి యున్నచో అమ్మకుడు, దానమీయకుడు, కాల్చకుడు, పాతిపెట్టకుడు. పత్రమున్నవారు సైతము అమ్మరాదు. వారసత్వముగా వచ్చినప్పుడు 90 దినములలో ప్రకటించి క్రొత్త పత్రము పొందవలెను. పత్రము గలవారు ఇచ్ఛచే ప్రభుత్వమునకు అప్పగింపవచ్చునని 2022 సవరణ చెప్పుచున్నది. అందుకు ప్రతిఫలము లేదు. పత్రము లేనివారు జాగుచేయక ముందు న్యాయవాది సలహా గైకొనుడు.

"మరి శాస్త్రము మాట యేమి?" అందురు. వటువునకు అజినము విధించిన మనువే కృష్ణమృగము స్వేచ్ఛగా సంచరించు దేశము యజ్ఞయోగ్యమని చెప్పెను. తోలుకొరకు మృగమును నిర్మూలించినచో యజ్ఞభూమి యెక్కడిది? గీతలో ఆసనమునకు చెప్పిన మూడింటిలో వస్త్రమును, దర్భయు నున్నవి. ఆ రెండును మనకు సులభములే. ఆ మనుస్మృతియే వైశ్యవటువునకు మేకతోలు చెప్పినది. అజినమే కావలెనన్నచో పురోహితులతో ఆలోచించి పెంపుడు మేకతోలు గ్రహింపుడు. నా మనుమని ఉపనయనము అట్లే జరిగినది.

ఆ తోలును కాపాడు విధము చెప్పెదను. ఒలిచిన కొద్ది గంటలలోనే మాంసమును, క్రొవ్వును గీకివేయవలెను; ఆలస్యమైనచో కుళ్లు పట్టి వెండ్రుక లూడును. తోలు బరువులో ఇంచుమించు సగము ఉప్పు తీసికొని లోపలివైపు అంతట బాగుగ రాయవలెను. ఉప్పు నీటిని పీల్చివేయును. నీరు లేనిచో కుళ్లు పుట్టించు సూక్ష్మజీవులు పెరుగవు. పిమ్మట ఎండలో గాక, గాలి తగులు నీడలో చాచి కట్టవలెను. తీవ్రమగు ఎండ తోలును పెళుసు చేయును. వెండ్రుకతో నుంచదలచినచో పటికయు, ఉప్పును కలిపిన నీటిలో నానవేయుదురు. చెప్పులకు, సంచులకు కావలసినచో సున్నములో నానబెట్టి వెండ్రుక తీసి, తంగేడు చెక్కతోను, కరక్కాయతోను ఊనవేయుట మన దేశపు పాత పద్ధతి. ఈ పనులు చేయు మన గ్రామస్థుల నేర్పు తక్కువైనది కాదు. 1948లో మదరాసున స్థాపితమైన కేంద్ర చర్మపరిశోధనాలయము పరిశోధించు విద్య యిదియే.

కావున పెద్దలారా, పెంపుడు పశువు తోలు పనివాని చేతికి, అడవి మృగము తోలు ప్రభుత్వమునకు. ఈ భేదమును రచ్చబండ యొద్ద పిల్లలకు తెలుపుడు. పొలములో ఎలుకలను తిను నక్క తన తోలుతోనే తిరుగాడుట మన కమతమునకు మేలు.

సెలవు.