దూరం - కాలం - గాలివాటం

ఊరికి ఊరికి మధ్య దూరం అడిగితే మన పెద్దలు తరచు కాలంతోనే బదులు చెబుతారు. నందిగామ నుండి జగ్గయ్యపేట సుమారు 30 కిలోమీటర్లు. పోవడానికి ఎంతసేపో, రావడానికీ దాదాపు అంతసేపే. ఖండాలు దాటే విమానయానంలో మాత్రం దూరానికి, కాలానికి ఇంత సులువుగా పొంతన కుదరదు. చదువులకై, కొలువులకై మన ప్రాంత యువత అమెరికా వెళ్ళడం సామాన్యమైన ఈ రోజుల్లో దీనికి కారణాలు తెలుసుకోవడం అవసరం.

మొదటిది భూమి ఆకారం. గోడమీది పటంలో బెంగళూరు నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు నేరు దారి ఉత్తర ఆఫ్రికా మీదుగా ఉన్నట్లు తోస్తుంది. కాని పటం చదునైనది, భూమి గుండ్రనిది. గ్లోబు మీద ఆ రెండు నగరాల నడుమ దారాన్ని బిగించి పట్టుకొంటే అది ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. గోళం మీద అతి దగ్గరి ఈ దారిని మహావృత్త మార్గం అంటారు. ఇది దాదాపు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో జోయా అగర్వాల్, పాపగారి తన్మయి మొదలైన నలుగురు మహిళా పైలట్లు ఎయిర్ ఇండియా విమానాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో నుండి ధ్రువ ప్రాంతం మీదుగా సుమారు 17 గంటలలో బెంగళూరు చేర్చారు.

రెండవది గాలి. ముక్త్యాల వద్ద కృష్ణలో పడవ వాలుకు పోయినంత వేగంగా ఎదురు రాలేదు. ఆకాశంలోనూ అంతే. సుమారు 10 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుండి తూర్పునకు వీచే బలమైన వాయుప్రవాహాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. గంటకు 900 కిలోమీటర్ల వేగంగల విమానం 13,500 కిలోమీటర్లు పోవాలనుకొందాం. గాలి గంటకు 100 కిలోమీటర్లు తోడైతే పదమూడున్నర గంటలు చాలు. అదే గాలి ఎదురైతే దాదాపు 17 గంటలు పడుతుంది. అందుకే 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఢిల్లీ - శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ మార్గం మాని, పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం సుమారు 13,900 నుండి 15,300 కిలోమీటర్లకు పెరిగినా, ప్రయాణకాలం సుమారు రెండు గంటలు తగ్గింది.

మూడవది గడియారం. చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో సమయం మనకంటే పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర గంటలు వెనుక ఉంటుంది. జనవరిలో ఒక సోమవారం మధ్యాహ్నం 2 గంటలకు బెంగళూరులో బయలుదేరి 17 గంటలు ప్రయాణించినవారు, అక్కడి సోమవారం సాయంత్రం 5.30 గంటలకే దిగుతారు. టికెట్టుపై మూడున్నర గంటల ప్రయాణంగా కనిపించినా, ఇక్కడి తల్లిదండ్రులకు అప్పటికే మంగళవారం ఉదయం 7 గంటలు. ఈ తేడా తెలియకపోతే ఇంట అకారణమైన ఆందోళన కలుగుతుంది. కళాశాలలో హాజరు కావలసిన తేదీ తప్పిపోవచ్చు. వేళకు వేసుకోవలసిన మందులు తారుమారు కావచ్చు.

నందిగామ నుండి శంషాబాదు విమానాశ్రయానికి 200 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం, అక్కడి తనిఖీలు, మధ్యలో విమానం మారే నిరీక్షణ కూడా ఈ లెక్కలో చేరతాయి. కాబట్టి దూరప్రయాణానికి సిద్ధమయ్యేవారు కిలోమీటర్లు మాత్రమే చూడరాదు. దారి, గాలి, గడియారం మూడింటినీ కలిపి లెక్కించినప్పుడే ప్రయాణకాలం నిజంగా తెలుస్తుంది.