టేకు మొక్కకు ఎట్టి నీడ మేలు?

ఇంటికి కావలసిన దూలములు, ద్వారబంధములు తమ భూమిలోనే పెరుగవలెనని టేకు నాటు రైతులు మన సంఘములో పలువురు కలరు. మేము మున్ను చేసిన పొరపాటు వారు చేయకుండుటకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

లేతమొక్కలు ఎండకు మాడునను భయముతో మేమొకమాఱు ఒక రైతుచే టేకు మొక్కలను చింతచెట్ల క్రింద నాటించితిమి. వేపమొక్క పొదల నీడలో బ్రదుకుట చూచి, టేకు కూడ అట్టిదే యనుకొంటిమి. రెండేండ్లకు ఆ మొక్కలు సన్నని కాడలై, వెలుతురున్న వైపునకు వంగి, గాలికి ఒఱగిపోయినవి. రైతునకు రెండేండ్ల కాలము వృథా యయ్యెను. తప్పు మాదే.

కారణమేమనగా, ఎండ తగిలినప్పుడే ఆకు చెట్టుకు ఆహారము సిద్ధపఱచును. నీడలో ఆ ఆహారము కొంచెమే. ఆ కొంచెమును మొక్క వెలుతురు నందుకొనుటకై పొడవు సాగుటకే వెచ్చించును. కాండము లావెక్కదు, వేళ్లు బలియవు. లావెక్కని మ్రానునకు చేవ యెక్కడిది? మఱియు, ఒఱగిన మ్రాను తన్ను నిలుపుకొనుటకై పైవైపున ఒకవిధమైన బిగువుకఱ్ఱను పెంచును. అట్టి మ్రానును కోసి ఆరవేసిన పలకలు వంకరలు తిరుగును.

అట్లని ప్రక్కనీడను కూడ చెడ్డదని తలపరాదు. ఒంటరిగా పెరిగిన టేకు క్రిందినుండియే లావుకొమ్మలు వేయును. ఆ కొమ్మల మొదళ్లే పలకలలో ముడులగును. ఆఱడుగులకొక మొక్క చొప్పున గుంపుగా నాటినచో, ఒకదాని నీడ మఱియొకదాని ప్రక్కలపై బడి, క్రిందికొమ్మలు సన్నగా నుండగనే యెండి రాలును. మ్రాను నిటారుగా సాగును. నేటి కేరళలోని నిలంబూరున 1840 దశకమున టేకుతోటల సాగు మొదలయ్యెను. నేడు తోటలలో దగ్గఱగా నాటి, పిమ్మట పలుచన చేయుటయే పద్ధతి.

ఈ పలుచన చేయుటను మఱువరాదు. తలలు ఒకదానినొకటి ఒత్తుకొనగనే, వంకరవానిని, బక్కవానిని తీసివేయవలెను. అవి పందిరి రాటలకు పనికివచ్చును. ఆలసించినచో అన్నియు సన్నగానే నిలిచిపోవును. గట్టుపై ఒకే వరుసగా నాటినవారు, ప్రక్కనీడ చాలదు గనుక, క్రిందికొమ్మలను లేతగా నున్నప్పుడే వాడికత్తితో మ్రానును గాయపఱచక కోయవలెను.

సోదరులారా, నాటుటకు ముందు మిట్టమధ్యాహ్నమున ఆ చోట నిలిచి చూడుడు. మీ తలపై చెట్టు నీడ పడినచో, అది టేకునకు తగిన చోటు కాదు.