నిమ్మరసంతో మొదలైన మీటరు

1934లో కాలిఫోర్నియా నిమ్మ రైతుల సంస్థలో పనిచేసే గ్లెన్ జోసెఫ్ అనే రసాయన శాస్త్రవేత్తకు రసం పులుపు కొలవడం పెద్ద తలనొప్పి అయింది. నిలవ కోసం కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ వల్ల లిట్మస్ రంగు పోయేది, హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ పాడయ్యేది. గాజు ఎలక్ట్రోడ్ ఒక్కటే దిక్కు. దాని నుంచి వచ్చే కరెంటుకు గాల్వనోమీటరు ముల్లు కదలాలంటే గాజును బాగా పలచగా ఊదాలి. అలా ఊదిన గాజు చేతిలోనే పగిలేది.

కాల్‌టెక్‌లో పాఠాలు చెబుతున్న పాత క్లాస్‌మేట్ ఆర్నాల్డ్ బెక్‌మన్‌ను జోసెఫ్ సలహా అడిగాడు. బెక్‌మన్ గాల్వనోమీటరును పక్కన పెట్టి, వాక్యూమ్ ట్యూబుల ఆంప్లిఫయర్ కట్టి ఇచ్చాడు. దాంతో మందపాటి, గట్టి గాజు కూడా పనికొచ్చింది. 1935లో ఆ పెట్టె 195 డాలర్లకు అమ్మకానికి వచ్చింది.

గాజు బుడగకు లోపలా బయటా ఉన్న హైడ్రోజన్ అయాన్ల తేడాను బట్టి వోల్టేజి పుడుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు (పులుపును కొలిచే అంకె ఇదే) సుమారు 59 మిల్లీవోల్టులు. అది మరీ తక్కువేమీ కాదు. చిక్కంతా గాజు నిరోధంతోనే: వంద మెగా ఓమ్‌ల స్థాయిలో ఉంటుంది. ఆంప్లిఫయర్ ఒక్క నానో ఆంపియర్ లాగితే చాలు, 100 మిల్లీవోల్టులు గాజులోనే పోయి, లెక్క ఒకటిన్నర పీహెచ్‌కు పైగా తప్పుతుంది. కాలేజీ ల్యాబుల్లో అందరికీ తెలిసిన 741 ఆప్ ఆంప్ (ఆంప్లిఫయర్ చిప్) మామూలుగా 80 నానో ఆంపియర్లు లాగుతుంది. ఇక్కడ దానికి చోటు లేదు. ఎల్‌ఎంసీ6001 లాంటిది గది ఉష్ణోగ్రతలో 25 ఫెంటో ఆంపియర్లు దాటదు. ఎలక్ట్రోడ్ నుంచి ఏమీ అడక్కుండా వినడమే ఈ సర్క్యూట్‌లో అసలు విద్య అని నా నమ్మకం. పెద్దది చేయడం ఆ తర్వాతి సంగతి.

ఆ పెద్దది చేయడమూ తేలికే. పీహెచ్ 7 దగ్గర సున్నా వోల్టులు, ఆపైన మైనస్. రీడింగు తీసుకునే మైక్రోకంట్రోలరుకు మైనస్ చదవడం రాదు. అందుకే గాజు ఎలక్ట్రోడ్‌కు జతగా ఉండే రిఫరెన్సు ఎలక్ట్రోడ్‌ను 2.5 వోల్టుల మీద కూర్చోబెట్టి, తేడాను అయిదు రెట్లు చేస్తారు. అప్పుడు 0 నుంచి 14 వరకు మొత్తం పీహెచ్ 0.4, 4.6 వోల్టుల మధ్య ఇముడుతుంది. వోల్టేజిని అంకెగా మార్చే ఏడీసీ పది బిట్లదే అయినా 0.02 పీహెచ్ తేడాను పట్టేస్తుంది.

ఇంత చేసినా బోర్డు మీద వేలిముద్ర పడితే, టంకం వేసినప్పటి ఫ్లక్స్ మిగిలిపోతే రీడింగు నిలవదు. ఆ కాస్త జిడ్డులోంచే కరెంటు కారుతుంది. అందుకే బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగుతారు. ఇన్‌పుట్ కాలు చుట్టూ రాగి గీత గీసి దానికీ అదే వోల్టేజి ఇస్తారు. రెండు వైపులా వోల్టేజి సమానమైతే కారడానికి కారణమే ఉండదు. ఈ ఉపాయం నాకు మహా ఇష్టం.

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఇలా పీహెచ్ కొలవడం అక్కరకొచ్చే పని. నాచు పగలంతా కార్బన్ డయాక్సైడ్ పీల్చుకోవడంతో మధ్యాహ్నానికి నీటి పీహెచ్ పెరుగుతుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. పీహెచ్ పెరిగే కొద్దీ నీటిలోని అమోనియా రొయ్యకు మరింత విషమవుతుంది. పొద్దున ఒక్కసారి చూసి ఊరుకుంటే ఆ మధ్యాహ్నం గండం కనిపించదు. గంట గంటకూ చదివి రాసిపెట్టే మైక్రోకంట్రోలరుకు కనిపిస్తుంది.