పాత డీజిల్ వ్యాను: నల్లపొగకు కారణం కనుక్కోవడం

పరిచయం

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే దారిలో బీర్‌గావ్ ఉంది. దాని పక్కనే ఉర్లా పారిశ్రామిక ప్రాంతం, ఇంకొంచెం ముందుకు వెళితే సిల్తరా వస్తాయి. ఇక్కడ స్పాంజి ఇనుము కర్మాగారాలు, రోలింగు మిల్లులు చాలా ఉన్నాయి. గాలిలో సన్నని నల్లటి దుమ్ము ఎప్పుడూ ఉంటుంది. ఇలాంటి చోట తిరిగే పాత డీజిల్ వ్యానులలో తరచుగా కనిపించే జబ్బు నల్లపొగ. ఇక్కడి మిస్త్రీలకు హిందీలో చెప్పాలంటే 'కాలా ధువా'.

నల్లపొగ రాగానే చాలామంది పంపు విప్పిస్తారు, లేదా ఇంజను పని చేయిస్తారు. వేల రూపాయలు ఖర్చవుతాయి. కొన్నిసార్లు పొగ మాత్రం తగ్గదు. వ్యానే జీవనాధారమైన కుటుంబానికి ఇది చిన్న నష్టం కాదు. కారణాన్ని ఒక వరుసలో వెతికితే ఈ నష్టం తప్పుతుంది.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• నల్లపొగ ఎందుకు వస్తుందో వివరించగలుగుతారు;
• పొగ రంగును బట్టి లోపాన్ని గుర్తించగలుగుతారు;
• తక్కువ ఖర్చు పరీక్షలతో మొదలుపెట్టి కారణాన్ని కనుక్కోగలుగుతారు;
• మెకానిక్కును ఏమి అడగాలో తెలుసుకుంటారు.

1. డీజిల్ ఇంజనులో ఏమి జరుగుతుంది?

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని గట్టిగా నొక్కుతుంది. నొక్కినప్పుడు గాలి బాగా వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మీరు గమనించే ఉంటారు. ఇంజనులో ఆ వేడి ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ వేడిగాలిలోకి ఇంజెక్టర్ డీజిల్‌ను పొగమంచులా చిమ్ముతుంది. అది దానంతట అదే అంటుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోండి. పాత డీజిల్ ఇంజనులో యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది డీజిల్. గాలి మాత్రం ఎయిర్ ఫిల్టరు గుండా ఎంత రాగలిగితే అంత వస్తుంది. గాలి తగ్గిందని పంపుకు తెలియదు. అది డీజిల్ పంపుతూనే ఉంటుంది. చాలినంత గాలి దొరకని డీజిల్ పూర్తిగా కాలదు. అందులోని కర్బనం మసిగా మారి సైలెన్సర్ నుంచి బయటికి వస్తుంది. అదే నల్లపొగ.

ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి సుమారు 14.5 కిలోల గాలి కావాలి. లీటరు లెక్కన చూస్తే, ఒక లీటరు డీజిల్‌కు దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి. 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు ఉన్న చిన్న గదిలో పట్టే గాలి ఇది. పొగ లేకుండా నడవాలంటే ఇంజనుకు ఇంతకంటే కూడా ఎక్కువ గాలి అందాలి. అందువల్ల దుమ్ము ఎక్కువగా ఉన్న ఊరిలో మొదట అనుమానించవలసింది పంపును కాదు, గాలి దారిని.

2. పొగ రంగు చెప్పే సంగతి

నల్లపొగ: డీజిల్ ఎక్కువ, లేదా గాలి తక్కువ.
నీలిపొగ: ఇంజను ఆయిల్ కాలుతోంది. రింగులు, వాల్వు సీళ్లు అరిగి ఉండవచ్చు.
తెల్లపొగ: డీజిల్ కాలకుండా ఆవిరిగా వస్తోంది, లేదా నీరు సిలిండరులోకి చేరుతోంది. చలికాలం ఉదయాన స్టార్టు చేసినప్పుడు కొద్దిసేపు తెల్లగా రావడం సహజం.

పాత ఇంజనులో యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కినప్పుడు కాస్త నల్లటి పొగ వచ్చి వెంటనే ఆగిపోతే కంగారు పడనక్కరలేదు. సమంగా నడిచేటప్పుడు కూడా ఆగకుండా వస్తే అది లోపమే.

3. విప్పే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

స్పానరు పట్టుకోకముందే ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి.

• పొగ నెమ్మదిగా పెరిగిందా, ఒక్కరోజులో మొదలైందా? నెమ్మదిగా పెరిగితే దుమ్ము పట్టడం, అరుగుదల కారణం కావచ్చు. ఒక్కరోజులో వస్తే హోసు చిరగడం, నాజిల్ ఇరుక్కుపోవడం, ఎవరైనా పంపును ముట్టుకోవడం కారణం కావచ్చు.
• ఎప్పుడు వస్తోంది? ఖాళీ బండిలో కూడా వస్తోందా, బరువు వేసినప్పుడేనా?
• పొగతో పాటు 'టక్ టక్' మనే చప్పుడు, కుదుపు ఉన్నాయా? ఉంటే ఏదో ఒక ఇంజెక్టర్‌ను అనుమానించాలి.
• ఈమధ్య ఏ రిపేరు చేయించారు?

4. పరీక్షించే వరుస

మొదటి మెట్టు: బరువు, నడక. పరిమితికి మించి సరుకు వేసినా, ఎత్తు ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా తొక్కినా నల్లపొగ వస్తుంది. బ్రేకు పట్టేసినా ఇంతే. కొంతదూరం నడిపి ఆపి, చక్రాల దగ్గర చెయ్యి చూపి వేడి గమనించండి. డ్రమ్మును ముట్టుకోవద్దు. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకు చూపించండి. టైర్లలో గాలి కూడా చూడండి.

రెండవ మెట్టు: ఎయిర్ ఫిల్టరు. కాగితపు ఫిల్టరయితే బయటికి తీసి, లోపల టార్చి వెలిగించి చూడండి. వెలుతురు బయటికి కనబడకపోతే మార్చండి. తక్కువ ఒత్తిడి గాలిని లోపలి నుంచి బయటికి ఊది శుభ్రం చేయవచ్చు. నీటితోగాని డీజిల్‌తోగాని కడగరాదు. ఆయిల్ తొట్టి ఉండే పాత రకమయితే జాలీని కిరోసిన్‌లో కడిగి, తొట్టిలో కొత్త ఆయిల్ గుర్తు వరకే పోయండి. ఎక్కువ పోస్తే ఆ ఆయిల్‌ను ఇంజను పీల్చుకుంటుంది. ఫిల్టరు తీసేసి బండి నడపవద్దు. ఇనుప దుమ్ము నేరుగా లోపలికి పోయి రింగులను, సిలిండరును అరగదీస్తుంది.

మూడవ మెట్టు: గాలి గొట్టాలు. రబ్బరు హోసు లోపలికి నొక్కుకుపోయిందేమో, క్లిప్పు వదులైందేమో చూడండి. టర్బో ఉన్న బండిలో టర్బోకూ ఇంజనుకూ మధ్య హోసు చిరిగితే గాలి బయటికి పోతుంది. బండికి లాగే శక్తి తగ్గి, నల్లపొగ పెరుగుతుంది. చిరిగిన చోట ఆయిల్ జిడ్డు, బుస్సుమనే చప్పుడు ఉంటాయి.

నాలుగవ మెట్టు: ఇంజెక్టర్లు. నాజిల్ పాడైతే డీజిల్ పొగమంచులా కాక చుక్కలుగా పడుతుంది. చుక్క పైభాగమే కాలి, లోపలిది మసి అవుతుంది. లోపం ఏ సిలిండరులో ఉందో మెకానిక్కు ఇలా కనుక్కుంటాడు: ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా ఒక్కొక్క ఇంజెక్టర్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తాడు. మంచి సిలిండరయితే ఇంజను చప్పుడు మారి వేగం తగ్గుతుంది. ఏ నట్టు వదులు చేసినప్పుడు పొగ, 'టక్ టక్' తగ్గుతాయో ఆ ఇంజెక్టర్‌లోనే లోపం. దాన్ని విప్పి పరీక్ష యంత్రం మీద పెట్టించండి. చిమ్మే తీరు, తెరుచుకునే పీడనం రెండూ చూపించమని అడగండి.

హెచ్చరిక: ఈ పని అనుభవం ఉన్న మెకానిక్కే చేయాలి. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. కామన్ రైలు ఉన్న కొత్త రకం ఇంజనులలో నట్టు వదులు చేసే పద్ధతిని ఎంతమాత్రం వాడరాదు. వాటిలో పీడనం మరీ ఎక్కువ.

ఐదవ మెట్టు: వాల్వుల సందు, కంప్రెషన్. ట్యాపెట్ సందు కంపెనీ పుస్తకంలో చెప్పిన కొలతకు ఉందో లేదో చూపించండి. ఉదయం స్టార్టు కష్టమై, ఆయిల్ పోసే మూత తీస్తే పొగ బాగా ఎగదన్నుతుంటే కంప్రెషన్ కొలిపించాలి.

ఆరవ మెట్టు: పంపు. టైమింగు ఆలస్యమైతే పొగ పెరిగి శక్తి తగ్గుతుంది. బండి బాగా 'లాగాలని' ఎవరైనా డీజిల్ పరిమితి స్క్రూ తిప్పి ఉంటే నల్లపొగ ఖాయం. ఈ స్క్రూకు సీలు ఉంటుంది. సీలు తెగి ఉందేమో చూడండి. పంపును క్యాలిబ్రేషన్ యంత్రం ఉన్న చోటే సరిచేయించాలి.

5. ఒక ఉదాహరణ

బీర్‌గావ్ నుంచి గుఢియారీ బజారుకు సరుకు చేరవేసే ఒక పాత వ్యాను ఉందనుకుందాం. అది రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చేది 10కి పడిపోయింది. పూర్వం రోజుకు 7.5 లీటర్లు పోస్తే సరిపోయేది. ఇప్పుడు 9 లీటర్లు కావాలి. రోజుకు లీటరున్నర చొప్పున నెలలో 25 రోజులకు 37.5 లీటర్లు అదనం. దీన్ని మీ ఊరి డీజిల్ ధరతో గుణించి చూడండి. కొత్త ఫిల్టరు ధర ఎంతో దుకాణంలో అడిగి, ఈ రెండు అంకెలను పోల్చండి.

నష్టం ఇంతటితో ఆగదు. మసి ఇంజను ఆయిల్‌లో కలిసి దాన్ని త్వరగా పాడుచేస్తుంది. ఇంజను ఎక్కువ వేడెక్కి, పిస్టన్లకు, వాల్వులకు హాని కలుగుతుంది.

6. చట్టం, ఆరోగ్యం

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 115వ నిబంధన ప్రకారం ప్రతి వాహనానికీ కాలుష్య నియంత్రణ పత్రం ఉండాలి. కొత్త బండికి రిజిస్ట్రేషను అయిన ఏడాది తరువాత ఇది అవసరమవుతుంది. భారత్ స్టేజి 4కు ముందరి బండ్లకు ఈ పత్రం 6 నెలలు చెల్లుతుంది. ఆ డీజిల్ బండ్లకు పొగ సాంద్రత పరిమితి 65 హార్ట్రిడ్జి యూనిట్లు. 2019లో సవరించిన చట్టం ప్రకారం కాలుష్య నిబంధన ఉల్లంఘిస్తే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు.

పరీక్ష రోజున పంపు స్క్రూ బిగించి, మరునాడు మళ్లీ వదులు చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దీనివల్ల కాగితం చేతికి వస్తుంది కాని లోపం బండిలోనే ఉంటుంది. ఆ పొగను రోజంతా దగ్గర ఉండి పీల్చేది డ్రైవరు, క్లీనరు, దారిపక్క ఇళ్లలోని పిల్లలు. డీజిల్ పొగ మానవులలో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో ప్రకటించింది. మూసిన షెడ్డులో ఇంజను నడుపుతూ పరీక్షలు చేయవద్దు.

సారాంశం

నల్లపొగ అంటే గాలికి మించిన డీజిల్. బరువు, ఫిల్టరు, హోసు, ఇంజెక్టర్, వాల్వులు, పంపు అనే వరుసలో వెతకాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. మార్చిన తరువాత అదే బరువుతో, అదే దారిలో నడిపి చూడాలి. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది కారణమో ఎప్పటికీ తెలియదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గాలి తగ్గినా పాత డీజిల్ పంపు డీజిల్ ఎందుకు తగ్గించదు?
2. నీలిపొగ దేనికి గుర్తు?
3. ఒక వ్యానుకు నిన్నటి నుంచే నల్లపొగ మొదలైంది. టర్బో దగ్గర బుస్సుమని చప్పుడు వస్తోంది. మొదట ఏమి చూస్తారు?
4. మీకు తెలిసిన ఒక డ్రైవరును కలిసి, ఆయన బండి ఎయిర్ ఫిల్టరు ఎన్నాళ్లకొకసారి మారుస్తారో అడిగి రాయండి.

జవాబులు

1. పంపు యాక్సిలరేటర్‌ను అనుసరించి డీజిల్ పంపుతుంది. గాలి ఎంత వస్తోందో దానికి తెలియదు.
2. ఇంజను ఆయిల్ కాలుతోందని గుర్తు.
3. టర్బోకూ ఇంజనుకూ మధ్య ఉన్న హోసును, దాని క్లిప్పులను.
4. మీరే రాయండి. బండి తిరిగే దారిలో దుమ్ము ఎంత ఉందో కూడా అందులో చేర్చండి.