పరీక్షకు నిలిచిన ఉక్కు

ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరంలో 1813 నాటి పార్లమెంటు శాసనం ననుసరించి ఏర్పడిన తుపాకుల పరీక్షాశాల ఒకటి నేటికీ ఉన్నది. అక్కడ గొట్టంలో మామూలు కంటే హెచ్చు బలం గల మందు దట్టించి, మనుషులు చాటున నిలిచి పేలుస్తారు. పగలక, ఉబ్బక నిలిచిన గొట్టంపై ముద్ర వేస్తారు. ముద్ర లేని తుపాకిని అమ్మడం ఆ దేశంలో నేరం. లోహం ఎంత మేలైనదైనా, పనివాడు ఎంత పేరు మోసినవాడైనా ఈ నియమానికి మినహాయింపు లేదు. ఇంతటి కట్టుదిట్టమెందుకు?

వేటతుపాకులలో ప్రసిద్ధమైనది పన్నెండు బోరు. రంధ్రానికి సరిపడే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగుతాయని ఆ పేరుకు అర్థం. ఆ రంధ్రపు వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. తూటా ఉండే చోటు అంతకంటె కొంచెం వెడల్పు. మందు అంటుకోగానే అక్కడి గోడలపై చదరపు అంగుళానికి నాలుగైదు టన్నుల ఒత్తిడి పడవచ్చును. ఆ ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణించి, గోడ మందంతో భాగిస్తే, లోహాన్ని చుట్టుకొలత వెంబడి లాగే బలం స్థూలంగా తెలుస్తుంది. ఒత్తిడి 4.5 టన్నులు, వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, మందం 4 మిల్లీమీటర్లు అనుకుంటే, ఆ లాగుడు చదరపు అంగుళానికి 11 టన్నులు దాటుతుంది. సాగగొట్టిన మంచి ఇనుము 20 టన్నుల లాగుడునైనా ఓర్చుకుంటుంది. కనుక లెక్కలో భయం లేదు. భయమంతా అతుకులో ఉన్నది.

గొట్టాన్ని నిలువునా చీల్చే బలం, అడ్డంగా తెంచే బలానికి రెట్టింపు ఉంటుంది. పూర్వం ఇనుపరేకును చుట్టి అంచులను నిలువునా అతికేవారు. అతుకు సరిగా చీలే దిక్కునే పడేది! అనుభవం గడించిన కమ్మరులు ఈ లోపాన్ని గ్రహించి, ఇనుప పట్టీని ఊచపై తీగవలె చుట్టి, కొలిమిలో కాచి, సమ్మెటతో అతకసాగారు. సాగగొట్టిన ఇనుములో నార వంటి పోగులుంటాయి. పోగుల వెంట లాగితే దాని బలం హెచ్చు. చుట్టడం వల్ల ఆ పోగులు పీపాకు బిగించిన కట్లవలె గొట్టం చుట్టూ నిలిచాయి. కొందరు గుర్రపు నాడాల పాత మేకులను ఏరి, వాటినే కరగగొట్టక కాచి కలిపి ఈ పట్టీలు చేసేవారు. మరికొందరు ఇనుమును, ఉక్కును పొరలు పేర్చి, కడ్డీలుగా సాగదీసి, మెలిపెట్టి, రెండు మూడు కడ్డీలను జతచేసి చుట్టేవారు. ఆమ్లం తగిలినప్పుడు ఆ మెలికలు ఉపరితలంపై అలలవలె, గులాబిరేకులవలె తేలేవి. బెల్జియంలోని లియేజ్ ప్రాంతం ఈ పనికి ప్రఖ్యాతి గాంచినది.

ఈ గొట్టాలకు డమాస్కస్ అని పేరు. అయితే ఆ పేరుగల ప్రాచీన ఖడ్గాలకూ వీటికీ పోలిక పైపైనే. ఆ ఖడ్గాల ఉక్కు మూసలో కరిగి గడ్డకట్టినది. అటువంటి ఉక్కుకు దక్కను ప్రసిద్ధి. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో దానిని తయారుచేసే తీరును వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు చూచి వర్ణించాడు. తుపాకి గొట్టానిదో, అతుకుల అందం. అంతే కాదు, సాదా ఇనుముపై ఆమ్లంతో ఆ అలలు చిత్రించి అమ్మిన వారూ లేకపోలేదు. నమూనాను చూచి నాణ్యాన్ని నమ్మినవాడు చేతివేళ్ళనే పణంగా పెట్టవలసి వచ్చేది.

అతుకే లేని గొట్టం ఉంటే? మాంచెస్టరులోని జోసెఫ్ విట్‌వర్త్ కరిగిన ఉక్కును గొప్ప ఒత్తిడితో నొక్కి, లోపలి గాలిబుడగలను పోగొట్టే పద్ధతి కనిపెట్టాడు. అట్టి ఉక్కు దిమ్మెను తొలిచి గొట్టం చేస్తే అతుకు ప్రసక్తి ఉండదు. ఇక పాత పనితనానికి కాలం చెల్లిందని అనేకులు భావించారు. 1888లో బర్మింగ్‌హాం పరీక్షాశాల అనేక రకాల గొట్టాలను, మందు మోతాదు పెంచుతూ, పరీక్షించింది. ప్రథమస్థానం మూడు కడ్డీలతో చుట్టిన ఇంగ్లీషు పొరల ఉక్కుకు దక్కినది!

అయితే ఈ విజయాన్ని అతిగా నమ్మరాదు. అవి కొత్త గొట్టాలు. నిపుణుల చేతిలో రూపొందినవి. అతుకుల నడుమ చిక్కిన చిట్టెం కంటికి కనబడదు. నూరేళ్ళ తేమకు లోపల తుప్పు గుంటలు పడతాయి. వాటిని నునుపు చేసినకొద్దీ గోడ పలుచబడుతుంది. మీదు మిక్కిలి, మందే మారినది. నల్లమందు పొడి ఒత్తిడి త్వరగా తగ్గుతుంది. పొగలేని మందు ఒత్తిడి గొట్టం పలుచబడే చోటు దాకా సాగుతుంది. అందువల్లనే 1896 నాటి నియమాలలో పొగలేని మందుకు వేరు పరీక్ష, వేరు ముద్ర చేర్చవలసి వచ్చినది.

కనుక డమాస్కస్ అన్న పేరు బలహీనతకు గుర్తు కాదు. ఉక్కు అన్న పేరు అభయమూ కాదు. నిన్నటి పరీక్ష నిన్నటి గోడకే, నిన్నటి మందుకే చెల్లుతుంది. గోడ అరిగినప్పుడు పాత ముద్ర ఎంత స్పష్టంగా ఉన్నా దాని మాట కాలం చెల్లినదే. లోహాన్ని గౌరవించే పద్ధతి ఒక్కటే: దానిని మళ్ళీ కొలవడం, మళ్ళీ పరీక్షించడం.